నా చెరువులో నేనే దిగబడిన పందెం

మునగాలంటే నీళ్లుండాలని అందరూ అనుకుంటారు. చుక్క నీరు లేని చెరువులో, చక్కగా పొద్దున పూట, రెండు ఊళ్ల జనం గట్టు మీద నిలబడి చూస్తుండగా, నడుస్తున్న బండితో సహా మునిగినవాణ్ణి నేను. చెరువు నాది, బండి నాది. బురద కూడా నాదే, అదెలా నాదో చెబుతాను. ఈ తెలివితక్కువతనంలో ఇంకెవరికీ వాటా లేదు. ఎవరైనా అడిగినా ఇవ్వను. ఇన్నేళ్ల వ్యాపారంలో అచ్చంగా నా సొంతమని చెప్పుకోదగ్గది అదొక్కటే.

మాది భీమవరం పక్కన ఊరు. నాకు రొయ్యల మేత అమ్మే కొట్టుంది. దాంతోపాటు ఒక చెరువు కూడా ఉంది, కానీ అది రొయ్యల కోసం కంటే కొట్టు కోసమే ఎక్కువ. నా మేత తిన్న రొయ్య ఇంత అవుతుందని రైతులకు చూపించుకోవడానికి దాన్ని పెట్టాను. మిఠాయి కొట్టువాడు బొజ్జ పెంచుకున్నట్టన్నమాట. మా ఆవిడ అన్నగారు, అంటే మా బావ, కాలవ అవతలి ఊళ్లో ఇంకో రకం మేత అమ్ముతాడు. ఇద్దరం ఒకే రైతుల వెంట పడతాం. పండక్కి ఒకే బంతిలో కూర్చుని తింటాం, మర్నాడు ఒకరి ఖాతాదారుణ్ణి ఒకరు తినడానికి బయల్దేరతాం. వరసకి బావలం కాబట్టి దీన్ని ఎవరూ శత్రుత్వం అనరు, సరసం అంటారు.

పందెం పుట్టింది సెంటర్లో టీ కొట్టు దగ్గర. ఎవరో ఫోనులో ఒక వీడియో పెట్టి అందరికీ చూపిస్తున్నారు. ఏదో దూర దేశంలో, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రోడ్డు మీద, రంగురంగుల ట్రక్కులు ఒకదాన్నొకటి రాసుకుంటూ గుండ్రంగా తిరుగుతున్నాయి. ఎప్పుడూ ఎడమకే తిరుగుతున్నాయి. వీళ్లకి కుడివైపు చుట్టాలెవరూ లేరు కాబోలని నేనన్నాను. ఎక్కడికీ వెళ్లకుండా ఇంత తిరిగితే డీజిలెవరు పోస్తారని మా బావ అడిగాడు. దాన్ని స్టాక్ ట్రక్కుల రేసు అంటారని ఫోను గలాయన చదివి చెప్పాడు. మా వ్యాపారంలో స్టాకంటే గోడౌన్లో ఉండే బస్తాలు. ఆ లెక్కన మా ఇద్దరి మినీ వ్యాన్లూ పుట్టుకతోనే స్టాకు ట్రక్కులు, మేమే ఇన్నాళ్లూ గమనించుకోలేదు.

అక్కణ్ణించి మాట పందెంలోకి దిగడానికి ఎంతోసేపు పట్టలేదు. పందేల విషయంలో మా ప్రాంతానికి పెద్దగా ప్రోత్సాహం అక్కర్లేదు. ఎక్కడ పెట్టాలన్నదే సమస్య. రోడ్డు మీద పెడితే పోలీసులు, కాలవ గట్టు మీద పెడితే గేదెలు. నేను మా చెరువన్నాను. ఎండాకాలం, కాలవలు కట్టేశారు. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, అయిపోయి, నీళ్లు తోడేసి, చెరువు ఎండబెట్టి ఉంచాను. చుట్టూ గట్టు, చూసేవాళ్లకి గేలరీలా ఉంటుంది. నాలుగు మూలలూ నీటి తిప్పుడికి అరిగిపోయి గుండ్రంగా ఉంటాయి. ట్రాక్టరు దిగే దారి కూడా ఉంది. ఆ దూర దేశం వాళ్లు ఎంతో ఖర్చుపెట్టి కట్టుకున్నది మా ఊళ్లో రొయ్యలు కట్టిపెట్టాయి.

అప్పుడు మా బావ టీ గ్లాసు బల్ల మీద పెట్టి షరతు చెప్పాడు.

"ఓడినవాడి కొట్టు ముందు గెలిచినవాడి ఫ్లెక్సీ. మళ్లీ పట్టుబడి దాకా తియ్యకూడదు."

నవ్వుతున్నవాళ్లు కాస్త ఆగారు. మా వ్యాపారం తెలియనివాళ్లకి ఇందులో ఏముందో చెప్పాలి. చెరువులు ఎండిన ఆ కొద్ది వారాల్లోనే రైతు ఈ పంటకి ఎవరి మేత వాడాలో తేల్చుకుంటాడు. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో మార్చడు, మారిస్తే రొయ్య అలుగుతుందని భయం. సరిగ్గా ఆ రోజుల్లో నా కొట్టు ముందు మా బావ మొహం, ఆయన మేత పేరుతో సహా, నిలువెత్తున వేలాడితే రైతు మెట్లెక్కి లోపలికొస్తాడా, ఆ ఫ్లెక్సీ చూసి కాలవ దాటతాడా? ఇంత తెలిసీ నేను సరేనన్నాను. అందరి ముందూ అడిగితే కాదనడం నాకు చేతకాదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ పనసపొట్టు కూరలో ఆవ పెడుతోంది. తలెత్తకుండానే అంది:

"మా అన్నయ్య ఫొటో మన కొట్టు ముందుంటే నాకేం నామోషీ లేదు. మీ మొహం ఎక్కడ పెట్టుకుంటారో అది చూసుకోండి."

ఇక నా తెలివి సంగతి. రొయ్యల చెరువులో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. నీళ్లని చిలికి గాలి కలపడం వాటి పని. వాటిని ఒకే దిక్కుకి తిప్పితే చెరువంతా మెల్లగా సుడి తిరుగుతుంది, తినగా మిగిలిన మేత, మురికి అన్నీ మధ్యలోకి చేరతాయి. గట్టు వార నేల చీపురుతో ఊడ్చినట్టుంటుంది, నడిబొడ్డున నల్ల బురద పేరుకుంటుంది. ఎండగట్టినప్పుడు గట్టు వార రాయిలా గట్టిపడుతుంది. మధ్యలో పైన పెచ్చు కట్టి, నెర్రెలిచ్చి, ఎండినట్టే కనపడుతుంది. కింద మాత్రం మెత్తగా ఉంటుంది. రొయ్యలు పెంచే ప్రతివాడికీ ఇది తెలుసు. అందుకే కాస్త మేత ట్రేలో పెట్టి నీళ్లలోకి దించి చూసుకుంటాం, ట్రేలో మిగిలితే మేత ఎక్కువైందని లెక్క. నేనైతే రైతులకి బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. చెప్పి చివర్లో ఒక ముక్క కలిపేవాణ్ణి: మా మేత వాడితే అడుగున బురద మిగలదండీ, రొయ్య మొత్తం తినేస్తుంది.

ఈ చివరి ముక్కే నన్ను ముంచింది. అమ్మకం కోసం మొదలుపెట్టిన మాట, వందసార్లు చెప్పేసరికి నాకే నమ్మకం అయిపోయింది.

పందేనికి ముందురోజు బళ్లు చుట్టి రావడానికి చెరువులో రెండు సరుగుడు కర్రలు పాతాలి, ఈ కొసనొకటి, ఆ కొసనొకటి. కర్రల లోపలి నుంచి వెళ్లకూడదు, బయట ఎక్కణ్ణించైనా వెళ్లొచ్చు. తీర్పరిగా ఒప్పుకున్న పెద్ద రైతు, మా ఇద్దరి దగ్గరా మేత కొనే మనిషి, కర్రలు బాగా గట్టు వైపుకి జరిపి పాతుదామన్నాడు. మధ్య నేల నమ్మకూడదండీ అన్నాడు. అక్కడ ఇంకో పదిమంది రైతులున్నారు. కర్రలు జరపడమంటే నా చెరువు మధ్యలో బురదుందని నేనే ఒప్పుకున్నట్టు. బురదుందంటే నేను ఇన్నాళ్లూ చెప్పినదేమిటి?

మా చెరువులో ఆ ఇబ్బంది లేదండీ, లోపలికే పాతండి అన్నాను. అని ఊరుకోలేదు. చెప్పులు విప్పి చెరువు మధ్య దాకా నడిచి చూపించాను. పెచ్చు ఆగింది. నా బరువు చిన్నదేం కాదు, మా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలన్నీ దానికి సాక్ష్యం. నన్ను మోసిన నేల బండిని మాత్రం మొయ్యదా అనుకున్నాను. మనిషికీ బండికీ బరువులో తేడా ఉంటుందన్నది చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే గానీ, ఆ రోజు నాకు తెలియలేదు.

పెద్ద రైతు కర్రలు చేతికి తీసుకున్నాడు. "ఆయ్, చెరువు మీది, మీరు చెబితే సరేనండి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గట్టంతా జనం. గొడుగులు, తువ్వాళ్లు, పునుగులమ్మే బండి కూడా వచ్చింది. పందెంలోకి నాలుగు బళ్లు దిగాయి. మాదొకటి, మా బావదొకటి, మిగతా రెండూ సరదాకి వచ్చినవి: ఐసు తోలే వ్యానొకటి, రొయ్యల ట్రేలు మోసే వ్యానొకటి. నాకూ మా బావకీ డ్రైవర్లున్నారు, కానీ పందెం మా ఇద్దరి మధ్య కాబట్టి స్టీరింగు మేమే పట్టుకోవాలని సెంటర్లో తేల్చారు. ఇక్కడ నా తెలివి ఇంకో మెట్టు దిగింది. ఇంతమంది రైతులు ఒకచోట చేరినప్పుడు ప్రచారం చేసుకోకపోతే ఎలాగని బండి నిండా నా మేత బస్తాలు వేయించాను. ఎందుకని ఎవరో అడిగితే, స్టాకు ట్రక్కుల పందేనికి స్టాకు లేకుండా వెళితే బాగోదని జవాబిచ్చాను. మా బావ బండి ఖాళీగా ఉంది. వెనక రెండు బస్తాలు మాత్రం వేసుకున్నాడు, బండి ఎగరకుండా.

పెద్ద రైతు తువ్వాలు కిందికి దించాడు, బయల్దేరాం.

గట్టు మీంచి చూసినవాళ్లు పెళ్లి ఊరేగింపులా ఉందని తరవాత చెప్పారు. లోపల కూర్చున్న నాకు మాత్రం విమానం తోలినట్టే ఉంది. నేల నెర్రెల మీద బండి గడగడలాడుతుంటే నా పళ్లు కూడా ఏదో మాట్లాడుతున్నాయి. దుమ్ము ఎంత లేచిందంటే ముందు వెళ్లేది మా బావో ట్రేల వ్యానో తెలియలేదు. రెండో చుట్టులో ఐసు వ్యాను అందరికంటే ముందుంది. దాన్ని తోలేవాడికి ఫోనొచ్చింది. ఎక్కడో పట్టుబడి మొదలైంది, ఐసు చాల్లేదట. వాడు ఫోను చెవిన పెట్టుకునే, బండి ఆపకుండా, దారెక్కి గట్టు దాటి అటే వెళ్లిపోయాడు. గెలిచే పందెం వదిలేసి పనికి వెళ్లినవాడు ఆ రోజు వాడొక్కడే. ట్రేల వ్యాను మలుపులో గిర్రున తిరిగి వచ్చిన దారినే చూస్తూ ఆగిపోయింది. మిగిలింది మేమిద్దరం.

ఆఖరి చుట్టు. మా బావ గట్టు వారగా, పెద్ద చుట్టు తిరుగుతూ పోతున్నాడు. మొదటి నుంచీ అక్కడే ఉన్నాడు, లోపలికి రాలేదు. భయపడుతున్నాడనుకున్నాను. మా బావకి లోపలి వైపు, కర్ర బయటే దాన్ని రాసుకుంటూ, దారి మొత్తం నా కోసం పరిచినట్టు ఖాళీగా ఉంది. అప్పటిదాకా నేను కూడా కర్రకి కాస్త ఎడంగానే తిరిగాను, ఎందుకో చెయ్యి అటు పోలేదు. ఇప్పుడు దూరం తగ్గించడానికి అదొక్కటే దారి. తిప్పాను. దాటాను కూడా. ఒక్క క్షణం మా బావ బండి నా అద్దంలో, నా వెనక కనిపించింది. ఆ క్షణం మాత్రం అబద్ధం కాదు, ఎవరినైనా అడగండి.

తరవాత పెచ్చు విరిగింది. చప్పుడేం కాలేదు. అప్పడం విరిగితే కాస్త చప్పుడన్నా అవుతుంది. ముందు చక్రాలు కిందికి దిగాయి, వెనక బస్తాల బరువుకి వెనకవీ దిగాయి. నేను ఇంకా తొక్కుతూనే ఉన్నాను. చక్రాలు తిరిగిన కొద్దీ నల్ల బురద లేచి అద్దం మీద, బస్తాల మీద, నా కొట్టు పేరు మీద పడింది. తరవాత వాసన లేచింది, కుళ్లిన కోడిగుడ్డు వాసన. గట్టు మీదున్న ప్రతి ఒక్కరికీ ఆ వాసన అర్థం తెలుసు. మేత ఎక్కువేసి, తినక, అడుగున మురిగితే వచ్చే వాసన అది. బండి దిగబడిందని నవ్వడం మొదలుపెట్టినవాళ్లు, ఆ వాసన తగలగానే నవ్వు ఆపారు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

మా బావ చుట్టు పూర్తిచేసి, పెద్ద రైతు దగ్గర గెలుపు రాయించుకుని, బండి దిగి నడుచుకుంటూ వచ్చాడు. గట్టి నేల అంచున ఆగాడు. నా వైపు చూడలేదు. వంగి బురద చూశాడు. తరవాత అందరికీ వినపడేలా అడిగాడు.

"బండి సంగతి తరవాత చూద్దాం. బావా, మేత ఎంత వేశావు?"

చెప్పడానికి నా దగ్గర చాలా జవాబులున్నాయి. పక్క చెరువు ఊట అనొచ్చు. మొన్న పడ్డ వాన అనొచ్చు. తూము కారిందనొచ్చు. ఇలాంటివి రైతులు నాకు చెప్పగా విని విని అన్నీ కంఠతా వచ్చు. కానీ తలుపు తియ్యడానికి కూడా లేకుండా మోకాలెత్తు బురదలో ఉన్న బండి కిటికీలోంచి తల బయటపెట్టి, ఇది వాన నీరండీ అనడానికి ఇంకాస్త పెద్ద మనిషి కావాలి.

"ఎక్కువే వేశాను," అన్నాను. "అందరికంటే పెద్ద రొయ్య తియ్యాలని దుగ్ధ. ట్రేలో మిగులుతోందని తెలుసు. అయినా వేశాను."

మొదలుపెట్టాను కదా అని మిగతాది కూడా చెప్పేశాను. మేతలో లోపం లేదు, వేసిన చేతిలో ఉంది. నాలాగా వెయ్యకండి, ట్రేలో మిగిలిన పూట ఆపెయ్యండి, అడుగున బురద మిగలని మేత ఏ కొట్లోనూ లేదు, మా కొట్లోనూ లేదు, మా బావ కొట్లో అసలే లేదు.

పెద్ద రైతు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "మేత అమ్మేవాడు తక్కువ వెయ్యమంటున్నాడు. ఈయన్ని ముందు నీడకి తీసుకెళ్లండ్రా," అన్నాడు.

అప్పుడు నవ్వారు. గట్టంతా నవ్వింది. ఆ నవ్వులో నేను కిటికీలోంచి దిగాను. మామూలుగా దిగలేదు, తల ముందొచ్చింది. బండి తేలిక చెయ్యాలని రైతులే వరసగా నిలబడి బస్తాలు అందుకున్నారు. నా పేరున్న బస్తాలు ఒక్కొక్కటే చేతులు మారుతూ గట్టెక్కాయి. ఎంత ఖర్చు పెట్టినా అంతమంది చేత నా మేత మోయించగలిగేవాణ్ణి కాదు. ట్రాక్టరుకి మోకు కట్టి బండి లాగారు. చెరువు నడిమధ్యలో బండి ఆకారంలో గొయ్యి మిగిలింది, మళ్లీ దున్నించేదాకా అలాగే ఉంది.

ఇక ఫ్లెక్సీ, వేయించాల్సింది ఓడిన నేనే. మా ప్రాంతంలో ఫ్లెక్సీకి ఒక పద్ధతుంది. బొమ్మ ఎవరిదైతే వాళ్లిస్తారు, మాటలు వేయించేవాడు రాయించుకుంటాడు. మా బావ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చెయ్యి ఊపుతున్న ఫొటో పంపాడు. మాటలు నీ ఇష్టం బావా, గెలిచినట్టు తెలిస్తే చాలన్నాడు. ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది.

మా జిల్లాల్లో ఎదురైన ప్రతివాణ్ణీ భోజనానికి రమ్మంటాం. అది మర్యాద. ఎప్పుడని అడక్కపోవడం ఎదుటివాడి మర్యాద. ఈ రెండు మర్యాదల మధ్య మా బావ హాయిగా బతుకుతున్నాడు. రెండు ఊళ్లలోనూ ఆయన భోజనానికి పిలవని మనిషి లేడు, ఆయనింట తిన్న మనిషీ కనపడడు. ఓసారి రండి అంటాడు, అది ఏ వారమో చెప్పడు.

ప్రెస్సుకి వెళ్లేముందు ఆయన భార్యకి ఫోను చేశాను. ఆవిడ నాకు వరసకి చెల్లెలు. వండాల్సింది ఆవిడ కాబట్టి ఆవిడ ఒప్పుకోకపోతే ఊరుకుందామనే అనుకున్నాను. విషయం చెప్పాను.

"రాయించండి అన్నయ్యగారూ. వంటవాళ్లని పెట్టుకోమని, నేను వండనని మాత్రం ఆయనకి నేను చెప్పుకుంటాను," అంది.

ఫ్లెక్సీ నా కొట్టు ముందు కట్టించాను. మాటకి కట్టుబడి, మా బావ మేత పేరు కూడా పెద్దక్షరాల్లోనే వేయించాను. బావగారికి అభినందనలు, గారు మీద గారు, ఎక్కడా లోటు చెయ్యలేదు. అడుగున, కాస్త ఎర్రక్షరాల్లో, ఈ విజయ సంతోషంలో వచ్చే ఆదివారం మధ్యాహ్నం బావగారి స్వగృహంలో రైతు సోదరులందరికీ విందు, అందరూ సకుటుంబంగా రావలసిందని మనవి.

అంత పెద్ద ఫ్లెక్సీ చదవాలంటే రైతు ఆగాలి, ఆగితే ఎండ, ఎండకి నా కొట్టు వసారాలోకి రావాలి. వచ్చినవాళ్లు కూర్చున్నారు. కూర్చున్నవాళ్లు ఈ పంటకి మేత ఎంత తగ్గించమంటారండీ అని అడిగారు. మేత ఎంత తగ్గించాలో అడగడానికి నా దగ్గరికి, మేత కొనడానికి మా బావ దగ్గరికి వెళ్లడం బాగోదనుకున్నారేమో, రెండూ నా దగ్గరే కానిచ్చారు. కొందరు కాలవ దాటారు. ఎక్కువమంది దాటలేదు.

మా బావ ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటో దిగడానికి మర్నాడు వచ్చాడు. అడుగు దాకా చదివాడు. అప్పటికే అక్కడున్న రైతులు, తప్పకుండా వస్తామండీ, పిల్లల్ని కూడా తెస్తాం అంటున్నారు. కాదనడానికి నోరు తెరిచాడు. మా గోదావరి మనిషి భోజనానికి వస్తామన్నవాణ్ణి వద్దనలేడు. ఆ నోట్లోంచి వచ్చింది, "అంతకంటేనా, రండి," అనే.

ఆదివారం ఆయన ఇంటి ముందు షామియానా వేశారు. మామిడికాయ పప్పు, గుత్తి వంకాయ, కొర్రమీను పులుసు, కొని తెప్పించిన రొయ్యలతో ఇగురు. నేను, మా ఆవిడ మొదటి బంతిలో కూర్చున్నాం. ఆ ఇంటి అల్లుణ్ణి, నాకు ముందు వడ్డించక తప్పదు. ఇంటాయన బంతి మొత్తం తిరిగి, ఒక్కొక్కరినీ అడిగి, మారు వేయించుకునేదాకా బతిమాలాలి. మా బావ చెమటలు తుడుచుకుంటూ, ఇగురు బకెట్టు పట్టుకుని, నవ్వు మొహంతో ఒక్కొక్క విస్తరే దాటుతూ నా దగ్గరకొచ్చాడు. వంగి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఆ ఆదివారం అన్న మాట నీకెవడు రాయమన్నాడు?"

పక్కనున్నవాళ్లు వింటున్నారు. విస్తరి కాస్త ముందుకు జరిపాను.

"మొహమాటపడకుండా వెయ్యి బావా," అన్నాను గట్టిగా. "మీ ఇంట్లో ట్రేలో మిగలనివ్వను."

ఆయన వేశాడు. గరిటె నిండా, ఇంకో గరిటె కూడా.